రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్: కార్డులో ఎక్కించడం, మొదటి బూట్

అనంతపురంలో మా చెనక్కాయల గోడౌన్‌లో వేడి, తేమ చూసుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) పెట్టుకున్నాం, వాటిలో నడిచేది ఈ లైట్ ఓఎస్సే. డెస్క్‌టాప్ ఉండదు, ఈ పనికి అక్కర్లేదు కూడా. నాకు అన్నిటికంటే నచ్చింది ఇమేజ్ (కార్డులో రాసే ఓఎస్ ఫైలు) సైజు. డౌన్‌లోడ్ అర జీబీకి అటూఇటూ, విప్పితే మూడు జీబీ దగ్గర. దాన్ని 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులో రాసి బోర్డు ఆన్ చేస్తే, మొదటి బూట్‌లోనే రూట్ పార్టిషన్ (కార్డులో ఓఎస్ ఉండే భాగం) తనంతట తానే కార్డు చివరిదాకా పెరుగుతుంది. తర్వాత డీఎఫ్ (జాగా ఎంతుందో చూపే కమాండ్) కొట్టి చూస్తే 29 జీబీ దాకా కనపడుతుంది. కంపెనీ వెయ్యి లెక్కన అట్ట మీద వేస్తుంది, సిస్టమ్ 1024 లెక్కన చూపిస్తుంది, అంతే తేడా.

ఇక్కడే ఒక షాపులో ఓఎస్ ఎక్కించిన కార్డులు అమ్ముతున్నారు, అవి మాత్రం వద్దు. వాళ్ల కార్డునే ఉన్నదున్నట్టు కాపీ కొడతారు కాబట్టి లోపల సరుకు ఎంత తక్కువున్నా ఇమేజ్ ఫైలు మొత్తం 32 జీబీ, ఇంకో కంపెనీ 32 జీబీ కార్డులో నాలుగు సెక్టార్లు (డేటా దాచే చిన్న చిన్న గళ్లు) తక్కువున్నా అందులో పట్టదు. పైగా అన్ని కార్డుల్లోనూ అవే ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు బోర్డుని గుర్తుపట్టడానికి వాడే రహస్య కీలు). షాపతన్ని అడిగితే "ఏం కాదులే అన్నా, పనిచేస్తాది" అన్నాడు. ఒకరి కార్డులో ఉన్న కీ అందరి దగ్గరా ఉంటే ఇక భద్రత ఎక్కడిది? కాపీ తప్పదంటే పైష్రింక్ స్క్రిప్టుతో ఇమేజ్‌ని కుదించండి, మొదటి బూట్‌లో మళ్లీ పెరిగే ఏర్పాటు కూడా అదే చేస్తుంది. కీలు మాత్రం తీసేసి కొత్తవి చేసుకోండి.

2022 ఏప్రిల్ నుంచి ఓఎస్‌లో ముందే ఉండే ‘పై’ (pi) అనే డిఫాల్ట్ యూజర్‌ని తీసేశారు, మంచి పని చేశారు. యూజర్, పాస్‌వర్డ్, వైఫై, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ ఇమేజర్‌లోనే (కార్డులో ఓఎస్ రాసే రాస్ప్‌బెర్రీ పై వాళ్ల సాఫ్ట్‌వేర్) ముందుగా ఇచ్చేయొచ్చు, వైఫై దేశం ఐఎన్ (ఇండియా) పెట్టడం మరవకండి. రాసిన కార్డుని విండోస్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడగొచ్చు, క్యాన్సిల్ కొట్టండి. చిరాకు ఒక్కటే, వైఫై పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా బోర్డు నెట్‌వర్క్‌లో కనపడదు, ఎందుకో తెలియాలంటే మానిటర్ తగిలించాల్సిందే.

మొదటి బూట్ యూపీఎస్ మీదే చేయండి, పార్టిషన్ పెరిగే టైములో కరెంటు పోతే కార్డు మళ్లీ మొదట్నుంచి రాసుకోవాల్సి రావచ్చు.