'వా' పేర్ల కోసం కొన్న పుస్తకం

మా పాపది రోహిణి రెండో పాదం, అంటే 'వా'తో పేరు పెట్టాలి. బారసాల దగ్గర పడుతోందని విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఈ పేర్ల పుస్తకం కొన్నాం. నక్షత్రం, పాదం వారీగా అక్షరాల పట్టిక మొదట్లోనే ఉంది, చాలా పనికొచ్చింది. వారిజ అంటే తామర, వాహిని అంటే నది, వాగ్దేవి అంటే సరస్వతి, ఇలా పాత పేర్లకి అర్థాలు చక్కగా ఇచ్చారు. కొత్త పేర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం, నోటికి ఇంపుగా ఉంటే చాలన్నట్టు ప్రతిదానికీ 'లక్ష్మీదేవి' అని రాసేశారు, పిల్ల జీవితాంతం మోసే పేరు కదా, నాకు అస్సలు నచ్చలేదు. మన ఊళ్ళో వీధికొకరుండే పైడితల్లి, పైడిరాజు పేర్లు 'ప'లో వెతికినా లేవు, అది ఇంకా బాధనిపించింది. మేం వాహిని ఖాయం చేసుకున్నాం. పట్టిక కోసం కొనుక్కోండి, అర్థం మాత్రం నిఘంటువులో చూశాకే పేరు పెట్టండి.