ఆకులు అమ్మే ఊరు, అడవిని పెంచే ఊరు

జపాన్ కొండల్లో, అడవుల మధ్య ఉన్న పల్లెల్లో చాలావాటికి ముసలివాళ్లే మిగిలారు. నిలదొక్కుకున్నవాటిలో రెండింటిని చూద్దాం.

షికోకు దీవిలోని కమికత్సు 1986లో ఆకులు అమ్మడం మొదలుపెట్టింది. ఎర్రబడ్డ మేపుల్ ఆకు, చిన్న పూలకొమ్మ లాంటివి హోటళ్లలో పళ్లెం అలంకరణకు వెళ్తాయి. డెబ్బై దాటిన అమ్మమ్మలు ట్యాబ్‌లో ఆర్డర్లు చూసుకుని, మచ్చలేని ఆకులు ఏరి, ఒకే సైజువి ట్రేలో సర్దుతారు. బరువు మోయక్కర్లేదు, చేతిలో డబ్బు ఆడుతుంది.

ఒకాయామా ప్రాంతంలోని నిషియవకురాది వేరే దారి. అక్కడ దాదాపు 95 శాతం అడవే. 2008లో వందేళ్ల అడవి ప్రణాళిక వేసుకుని, ప్రైవేటు అడవుల బాగోగులూ ఊరే చూసుకుంటోంది. చెట్లు పలచన చేయగా వచ్చిన కలపతో ఫర్నిచర్ తయారీ మొదలైంది, బయటి కుర్రాళ్లూ వచ్చారు.

నా ఓటు నిషియవకురాకే. ఆకుల వ్యాపారం అద్భుతమే కానీ, ఆ అమ్మమ్మల తర్వాత ఎవరన్నదే బెంగ. కలప పని దొరికితే వయసులో ఉన్నవాళ్లు అక్కడే కాపురం పెడతారు.