బీటిల్‌కు 1776 సీసీ ఇంజను: ఆరేళ్లు, 41 వేల కిలోమీటర్లు తిరిగాక

ముందుగా బండి సంగతి. 1966 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, కుడివైపు స్టీరింగు. మా పెదనాన్న కందుకూరులో పొగాకు వ్యాపారం చేసే రోజుల్లో మద్రాసులో కొన్నారు. ఈ బండిలో ఇంజను వెనక డిక్కీలో ఉంటుంది, నీళ్లతో కాక ఫ్యాను గాలితో చల్లారుతుంది. దాని సొంత ఇంజను 1285 సీసీ, 40 హార్స్‌పవర్. బండి బరువు ఎనిమిది వందల కిలోలకు లోపే కాబట్టి నెల్లూరు వీధుల్లో తిరగడానికి అది చాలు. జాతీయ రహదారి మీద మాత్రం చీమకుర్తి గ్రానైటు లారీ వెనక పడితే దాటే ధైర్యం చాలక, కావలి దాకా దాని పొగ పీలుస్తూ రావడమే. 2018లో మా ఇంజనూ పొగ కక్కడం మొదలుపెట్టింది. ఎలాగూ విప్పుతున్నాం కదా అని పెద్దది కట్టించాను. 2019 సంక్రాంతికి స్టార్టు చేశాం. మధ్యలో ఒకసారి పూర్తిగా విప్పాల్సి వచ్చింది. ఆ విప్పడం గురించే ఎక్కువ రాస్తున్నాను.

1776 ఎందుకంటే, క్రాంకు (పిస్టన్లతో తిరిగే ఇరుసు) మార్చకుండా అదే 69 మి.మీ. స్ట్రోకుతో (పిస్టన్ కదిలే దూరం) 90.5 మి.మీ. పిస్టన్లు పెడితే వచ్చే లెక్క అది. 87 మి.మీ. పిస్టన్లయితే 1641 సీసీ వస్తుంది, ఇంజను బయటి పెంకును, అంటే కేసును, కోయించే పని ఉండదు. 94 పెడితే 1915. నేను మధ్యదారి పట్టాను. 90.5 సిలిండరుకు గోడ మందంగా ఉంటుంది, వేడికి వంకర పోదు. కానీ దానికి కేసునూ, సిలిండర్ల మీద మూతల్లా కూర్చునే హెడ్లనూ లేతు మీద పెద్దది చేయించక తప్పదు. మా పాత 1300 కేసును కదిలించకుండా, చెన్నైలో దొరికిన ఒక 1600 ఇంజను కేసు తెచ్చి దాని మీద కట్టాం. ఈ కేసులు మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి. బరువు తక్కువ, కానీ ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి నడిమి మెయిన్ బేరింగు కూర్చునే చోటు సాగిపోతుంది. లైన్ బోరింగు (ఆ బేరింగు చోట్లను ఒకే వరసలో మళ్లీ తొలచడం) చేయించకుండా పాత కేసు మీద ఒక్క రూపాయి పెట్టకండి.

బండి 6 వోల్టులది, కొత్త ఇంజను సామాను 12 వోల్టులది కావడంతో ఇంకో తంటా వచ్చింది. 6 వోల్టుల ఫ్లైవీలుకు (సెల్ఫు మోటారు తిప్పే పళ్ల చక్రం) 109 పళ్లు, 12 వోల్టులదానికి 130. పెద్ద ఫ్లైవీలు, 200 మి.మీ. క్లచ్చు పెడితే గేరు బాక్సు లోపలి అంచుకు రాసుకుంటాయి. అక్కడ కాస్త గ్రైండు చేయాలి, సెల్ఫు మోటారుకు బుష్ మార్చాలి. ఈ పనులన్నీ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు చేసిన మా మేస్త్రీయే చేశాడు. మొదటిరోజు ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. మన ఊళ్లో దీన్ని ఎవరు బతకనిస్తారు అబ్బాయ్?" అన్నాడు. అప్పుడు నవ్వాను.

కంప్రెషన్ లెక్క, అంటే సిలిండరులోని మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందో ఆ నిష్పత్తి, మాత్రం నేనే కట్టాను. మందుల షాపులో పెద్ద సిరంజీ కొని, హెడ్ గిన్నె మీద రంధ్రం చేసిన అద్దం ముక్క పెట్టి, కిరోసిన్ ఎన్ని సీసీలు పడుతుందో కొలిచాను. యాభై పట్టింది. పిస్టన్ పైకి వచ్చాక సిలిండరు అంచుకూ దానికీ మధ్య 1.2 మి.మీ. ఖాళీ, అంటే మరో 7.7 సీసీ. ఒక్కో సిలిండరు 444 సీసీ కాబట్టి నిష్పత్తి 8.7 వచ్చింది. దానికి 284 డిగ్రీల క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు, డిగ్రీలు పెరిగితే అవి ఎక్కువసేపు తెరిచి ఉంటాయి), ఒక్కో వైపు ఒక్కో 34 మి.మీ. కార్బొరేటర్. కాగితం మీద చూసుకుంటే రేసు గుర్రం.

రోడ్డు మీదా గుర్రమే, ఒప్పుకోవాలి. 3,000 ఆర్‌పీఎం దాటగానే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు ఉండేది. గ్రానైటు లారీలు వెనకబడిపోయాయి. ట్రంకు రోడ్డు మీద సాయంత్రం ఆరు గంటలకు మాత్రం నరకం. ఆ క్యామ్‌కు కింది వేగాల్లో ఊపిరి ఆడదు. ఐడిలింగు నిలబడక, సిగ్నలు దగ్గర కాలు ఆక్సిలరేటర్ మీద పెట్టుకునే కూర్చోవాలి. ఊళ్లో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు. రెండు కార్బొరేటర్లను జత చేయడం మరో విద్య. ఇంజను వేడెక్కితే అడ్డంగా సాగుతుంది, చల్లగా ఉన్నప్పుడు సరిచేసిన లింకు అప్పుడు తప్పుతుంది. పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి, వేడిమీదే సరిచూడాలి. మా మేస్త్రీ ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండు కార్బొరేటర్లూ ఒకే శ్రుతిలో గాలి పీలుస్తున్నాయో లేదో చెబుతాడు. తర్వాత నేను మీటరు కొన్నాను. అతని చెవికీ మీటరుకూ తేడా రాలేదు.

2022 మే నెలలో, ఒంగోలులో పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజు తారు కరుగుతోంది. ఉలవపాడులో ఆగి ముందు డిక్కీ నిండా మామిడిపళ్లు వేసుకున్నాం. మళ్లీ హైవే ఎక్కి 90లో పోతుంటే టపటపమని శబ్దం, బండి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. ఆయిలు మీటరు 126 డిగ్రీల దగ్గర ఉంది. నాలుగింటిలో మూడో సిలిండరు చచ్చిపోయింది. తర్వాత కంప్రెషన్ చూస్తే మిగిలిన మూడూ 120 పౌండ్ల అటూ ఇటూ, మూడోది 40. లారీ మీద నెల్లూరు చేరాం. ఆ వేడికి పళ్లు సగం దారిలోనే మెత్తబడిపోయాయి, అది వేరే దుఃఖం.

విప్పితే మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోయి ఉంది. ఈ ఇంజన్లలో మూడోదే ఎప్పుడూ బలి. పాత తరహా ఫ్యాను డబ్బాలో ఆయిల్ కూలర్ సరిగ్గా దాని నెత్తిమీద నిలబడి ఉంటుంది. మూడోదానికి అందేది కూలర్ వాడుకుని వదిలేసిన గాలి. 1971 మోడల్ నుంచి కంపెనీయే కూలర్‌ను వెనక్కి జరిపి, దాని వేడిగాలి విడిగా బయటికి పోయే దారి పెట్టింది. నేను పాత డబ్బానే ఉంచాను, అందంగా ఉందని.

అది ఒక్కటే అయితే తట్టుకునేది. డిక్కీ అంచుకూ ఇంజను చుట్టూ ఉండే రేకులకూ మధ్య ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. పైనున్న చల్లగాలినీ, కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలినీ వేరుచేసే గోడ అదొక్కటే. మాది యాభై ఏళ్ల నాటిది, ఎండి కట్టెలా బిగుసుకుపోయి రెండు చోట్ల వేలు దూరేంత సందు ఇచ్చింది. ఆ సందుల్లోంచి ఫ్యాను తన వేడిని తనే మళ్లీ పీల్చుకుంటోంది. ఇక సిలిండర్ల కింద ఇమిడే చిన్న రేకులు రెండు ఉంటాయి. గాలిని సిలిండరు వెనక వైపుకు తిప్పడం వాటి పని. బిగించేటప్పుడు అవి ఏమిటో అర్థంకాక నేనే పక్కన పెట్టేశాను. వాటిని ఎప్పుడో పాత ఇనుప సామాను వాడు పట్టుకుపోయాడు. ఎవరినీ తిట్టడానికి లేదు.

ఇంకో సంగతి చెబితే నా మీద నాకే కోపం వస్తుంది. వాల్వు సందు చల్లటి ఇంజను మీద 0.15 మి.మీ. ఉండాలి. ఆ వేసవిలో రెండుసార్లు మూడోదాని ఎగ్జాస్టు ట్యాపెట్ దగ్గర ఆ సందు బిగుసుకుపోయి కనిపించింది. రెండుసార్లూ వదులు చేసి మూత పెట్టేశాను. సందు తగ్గుతోందంటే వాల్వు సాగుతోందన్నమాట, లేదా సీటులోకి దిగిపోతోందన్నమాట. మూడో సిలిండరు రెండుసార్లు చెప్పింది, నేను వినలేదు.

ఆ రోజుల్లో పెదనాన్న చూడటానికి వచ్చారు. ఆయనకు ఇంజన్ల గురించి పెద్దగా తెలియదు, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల గురించి తెలుసు. విప్పిన రేకులన్నీ వరసగా పరిచి ఉంటే కాసేపు చూసి, "ఇది బ్యారనే కదరా. కట్టెలు ఎన్నయినా వేయవచ్చు. కింద ఎంత గాలి వదలాలి, పైన ఎంత తెరవాలి, అదే పని. నువ్వు కొలిమి పెంచావు గానీ తూములు మూశావు" అన్నారు. మేస్త్రీ ఆయన వైపు చూసి తలూపాడు. వాళ్లిద్దరూ ఒకటైపోయాక నేను టీ తేవడానికి వెళ్లాను.

రెండోసారి కట్టడం వేరేగా జరిగింది. హార్స్‌పవర్ పెంచే సామాను ఒక్కటీ కొనలేదు. వెనక కూలర్ ఉన్న ఫ్యాను డబ్బా, రేకులన్నీ, కొత్త రబ్బరు. కొత్త హెడ్లు తెచ్చాను. వాటి రెక్కల మధ్య, ముఖ్యంగా ఎగ్జాస్టు పక్కన, పోత పోసినప్పుడు మిగిలిన పలుచని లోహం అడ్డంగా ఉండిపోతుంది. కొత్త హెడ్డే కదా అని అలాగే బిగిస్తే ఆ దారిలో గాలి పోదు. సన్నని గుండ్రటి ఆకురాయితో మూడు సాయంత్రాలు కూర్చుని అన్ని సందులూ తెరిచాను. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చులేని పని, ఎక్కువ లాభమిచ్చిన పని అదే.

క్యామ్ తీసేసి దాదాపు కంపెనీదానిలాంటి మెత్తటిది వేయించాను. క్యామ్ మార్చాలంటే ఈ ఇంజనులో కేసునే రెండు చెక్కలుగా విడదీయాలి, కాబట్టి ఇది మధ్యలో బుద్ధి మారితే చేసే పని కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చిన్న క్యామ్‌తో ఇన్‌టేక్ వాల్వు ముందే మూసుకుంటుంది. లోపల చిక్కే గాలి పెరుగుతుంది, పాత నిష్పత్తి అలాగే ఉంచితే ఇంజను నాక్ అవుతుంది (మిశ్రమం తనంతట తనే పేలి టకటకలాడుతుంది). అందుకే హెడ్ గిన్నెలను 56 సీసీకి తొలిపించి నిష్పత్తిని 8కి దించాను. పిస్టన్ పైన 1.2 మి.మీ. ఖాళీని ముట్టుకోలేదు. సిలిండర్ల కింద షిమ్ములు (పలుచని రేకు వాషర్లు) వేసి నిష్పత్తి తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వినకండి, ఆ ఖాళీ పెరిగితే నాకింగ్ ఇంకా ఎక్కువవుతుంది.

ఫలితం: గత మే నెలలో అదే రోడ్డు, అదే మధ్యాహ్నం, అదే 90 వేగం. ఆయిలు 108 డిగ్రీలు. 4,000 పైన మునుపటి ఊపు లేదు, నిజమే. కానీ 2,000 నుంచే లాగుతుంది, సిగ్నలు దగ్గర నిశ్శబ్దంగా నిలబడుతుంది, హైవే మీద లీటరుకు పదకొండున్నర ఇస్తుంది. నాలుగో గేరులో 100 పోతుంటే ఇంజను తిరిగేది సుమారు 3,250 మాత్రమే. మన రోడ్ల మీద 4,500 దాకా వెళ్లే అవకాశం నెలకు రెండుసార్లు వస్తే గొప్ప. ఆ రెండుసార్ల కోసం మిగతా రోజులన్నీ బాధపడ్డాను మూడేళ్లు.

లేతు పని గురించి ఒక ఫిర్యాదు. మొదటిసారి కేసు కోసిన వర్క్‌షాపు పదహారు హెడ్ స్టడ్లకూ ఇన్సర్టులు వేశామని బిల్లు ఇచ్చింది. మెగ్నీషియంలో మరలు ఊడిపోకుండా కాపాడేవి అవి. విప్పాక లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. ఇప్పుడు ఏ పని చేయించినా డబ్బు ఇచ్చేముందు టార్చిలైటుతో లెక్కపెడతాను.

పెట్రోలు మారింది కాబట్టి అదీ రాయాలి. 20 శాతం ఇథనాల్ కలిశాక ఇంజనుకు అదే జెట్‌తో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) మిశ్రమం పలచబడుతుంది, పలచబడితే వేడెక్కుతుంది. మెయిన్ జెట్ 130 నుంచి 135కి మార్చాను. అది రంధ్రం వ్యాసం, మి.మీ.లో నూరో వంతుల్లో. వినడానికి అయిదే అయినా వైశాల్యం ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది, కొరత తీరడానికి అది సరిపోయింది. పాత పెట్రోలు గొట్టాలన్నీ పీకి ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. ఈ బండిలో గొట్టం కారితే పెట్రోలు పడేది వేడి ఇంజను మీదే. బ్రెజిల్‌లో ఇవే బీటిళ్లు ఇథనాల్‌తో ఏళ్ల తరబడి తిరిగాయి, కాబట్టి ఇంజనుకు దానితో శత్రుత్వం లేదు.

నడిపే తీరూ మార్చుకోవాలి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మామూలు కారు అలవాటుతో పై గేరులో మెల్లగా లాగించకూడదు. ఫ్యాను క్రాంకుతోనే తిరుగుతుంది, దానికి రెట్టింపు కన్నా కాస్త తక్కువ వేగంతో. ఇంజను నెమ్మదిస్తే గాలీ నెమ్మదిస్తుంది. గేరు తగ్గించి 3,000 దగ్గర తిప్పుతూ పోతే వేడి తగ్గుతుంది, మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. అలాగే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగితే చార్జింగే కదా, ఇంటికి వెళ్లి చూద్దాం అనుకోకండి. డైనమో తిప్పే బెల్టే ఫ్యానునూ తిప్పుతుంది. అక్కడికక్కడే ఇంజను ఆపి, డిక్కీలో ఉండాల్సిన రెండో బెల్టు తీయండి. ఆయిలు రెండున్నర లీటర్లే పడుతుంది కాబట్టి మూడు వేల కిలోమీటర్లకు మార్చేస్తాను, ట్యాపెట్లూ అప్పుడే, రాత్రంతా చల్లారాక, కాఫీకి ముందు.

ఖర్చు: మొదటి కట్టుబడి నాలుగు లక్షలకు కాస్త తక్కువ, అందులో కస్టమ్స్ సుంకం, రవాణా ఒక పెద్ద ముక్క. రెండోది లక్షా ముప్పై వేలు. మొదటిసారే సరిగ్గా చేసి ఉంటే రెండోది లేదు. ఇంజను మార్చాక రవాణా శాఖ దగ్గర ఆర్‌సీలో కొత్త నంబరు నమోదు చేయించండి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించండి, అది నేను ఇంజను కన్నా ముందే చేయాల్సింది. నెల్లూరు ఎండలో రోజూ ఆఫీసుకు తిరగాలనుకుంటే 1600 చాలు. హైవే ప్రయాణాలు ఉంటే, పనిముట్లు పట్టుకునే ఓపిక ఉంటే 1776 కట్టండి, మెత్తటి క్యామ్‌తో.

పాత 284 డిగ్రీల క్యామ్ నూనె కాగితంలో చుట్టి బీరువా మీద ఉంది, చెక్కుచెదరలేదు. అడిగినవాళ్లకు ఊరికే ఇస్తాను. ముందు వాళ్ల బండి డిక్కీ తెరిచి రబ్బరు పట్టీ చూపించాలి, అంతే.