రెండు కాన్పులకు వాడిన గాలి బంతి: నా సమీక్ష

2022లో తొలి కాన్పుకు ఎనిమిదో నెల నడుస్తుండగా కొన్న బంతి ఇది. వ్యాయామానికి వాడే మామూలు గాలి బంతే. 65 సెంటీమీటర్లది, ఊదారంగు, ధర తొమ్మిది వందల చిల్లర. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇరుకు హాల్లో సోఫా అంత చోటు తీసుకుంది. పురుడు పోయడానికి అనంతపురం నుంచి వచ్చిన అమ్మ దాన్ని చూసి, "నెలలు నిండుతుంటే బంతి మీద ఊగుతావా?" అని పూటంతా నాతో మాట్లాడలేదు. మలి కాన్పులో దాన్ని పడకగదిలోంచి దొర్లించుకొచ్చింది కూడా అమ్మే.

నేను ఐదడుగుల రెండంగుళాలు. నిండా గాలి కొడితే మడమలు నేలకు ఆనలేదు. కాస్త తక్కువ కొట్టాక కుదిరింది. కూర్చుంటే మోకాళ్ళు తుంటికన్నా కొంచెం కిందికి ఉండాలి, అంతే లెక్క. నున్నటి టైల్స్ మీద జారుతుంది, కింద చాప పరవాల్సిందే.

ముందే చెబుతున్నాను, ఇది నొప్పిని మాయం చేయదు. నొప్పి వచ్చినప్పుడు ఒంటిని ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో తెలియక పడే అవస్థను తగ్గిస్తుంది.

ఎనిమిదో నెలలో నాకు వచ్చినవి దొంగ నొప్పులు. ఉన్నట్టుండి పొట్ట బిగుసుకుపోయేది, వేలితో తడితే కొబ్బరికాయను తట్టినట్టుండేది. నొప్పి లేదు, ఊపిరి కాస్త పట్టేసినట్టుండేది. నీళ్ళు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పోయేవి. డాక్టర్లు వీటిని బ్రాక్స్టన్ హిక్స్ అంటారు. 1872లో వీటి గురించి రాసిన ఇంగ్లండు వైద్యుడి పేరు అది. బిగుసుకునేది ఆడవాళ్ళ కడుపు, పేరేమో ఆయనది. మన దొంగ నొప్పులే నయం. 37 వారాలు నిండకముందే బిగుతులు లెక్కగా రావడం మొదలైతే మాత్రం బంతి సంగతి వదిలేసి డాక్టరుకు ఫోను చేయండి.

అసలు నొప్పి నడుములో మొదలైంది. నెలసరి మొదటి రోజు నొప్పిలాగే ఉందే అనుకున్నాను. అది నడుము నుంచి రెండు పక్కలా చుట్టుకొచ్చి పొత్తికడుపు దగ్గర ముడిపడింది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండుతారు చూడండి, ఆ దుప్పటిని నేనే. మెలి పెరిగి పెరిగి ఒకచోట నిలిచి, తర్వాత దానంతటదే విడిపోతుంది. అంతా కలిపి నిమిషం. ఆ తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది! ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండు నొప్పుల మధ్య పెరుగన్నం తిన్నాను, కరెంటు బిల్లు కూడా కట్టాను.

మా ఆయన ఫోనులో నిమిషాలు రాసుకుంటుంటే, అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ నాకు ఊరి కబుర్లు చెప్పింది. నేను జవాబు మధ్యలో ఆపేసిన ప్రతిసారీ ఒక కాయను విడిగా పక్కన పెట్టింది. మాట ఆగితేనే అది అసలు నొప్పి అవుతుందని ఆమె లెక్క. చివరికి ఇద్దరి లెక్కకూ రెండే తేడా వచ్చాయి.

తొలిసారి బిడ్డ వీపు నా వెన్నువైపు ఉండడంతో బాధంతా నడుములోనే. బంతి మీద కూర్చున్నప్పటికన్నా, చాప మీద మోకాళ్ళూని బంతిని కౌగిలించుకుని ముందుకు వాలినప్పుడు ఎక్కువ తెరిపిగా అనిపించింది. అమ్మ అరచేతి కింది భాగంతో వెన్ను చివర గట్టిగా నొక్కేది. ఈ ఒక్క భంగిమకే బంతి డబ్బులు చెల్లిపోయాయి.

ఆసుపత్రిలో బంతిని లోపలికి రానివ్వలేదు. పొట్టకు బిడ్డ గుండె చప్పుడు చూసే బెల్టు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. ఇంట్లో ఓర్చుకున్న నొప్పే అక్కడ రెట్టింపయింది. రాత్రంతా పడ్డాక చూసి, గర్భసంచి ముఖం తెరుచుకున్నది 3 సెంటీమీటర్లే అంటే ఏడుపొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో నొప్పులు ఊపందుకునే దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కించిందనీ, ఆరోగ్యంగా ఉన్న గర్భిణిని లేచి తిరగనివ్వాలందనీ తర్వాతెప్పుడో చదివాను. కన్నడ నర్సు ప్రతి నొప్పికీ "ఉసిరు బిడి, ఉసిరు బిడి" అనేది. ఊపిరి వదలమని ఆమె భావం. నా చెవికి మాత్రం ఉసురు వదలమన్నట్టు వినిపించి, అంత బాధలోనూ నవ్వొచ్చింది. ఆరు సెంటీమీటర్లప్పుడు వెన్నులో మత్తు మందు తీసుకున్నాను, అందులో సిగ్గేమీ లేదు. అది పడ్డాక కాళ్ళు బరువెక్కుతాయి కనుక బంతితో పని లేదు.

మలి కాన్పు 2025లో. తొలిసారి ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు వస్తే బయలుదేరమన్నారు. ఈసారి అంతవరకూ ఆగొద్దన్నారు. బంతి మీద అటూ ఇటూ ఊగుతూ రెండు గంటలు గడిపి, రాత్రి మూడింటికి బయలుదేరాం. ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఉంది కానీ, ఆసుపత్రి సందులోని ప్రతి స్పీడు బ్రేకరూ నొప్పి వస్తున్నప్పుడే తగిలింది. చేరిన కాసేపటికే ఒళ్ళంతా వణుకు, వాంతి. ఆ పైన నొప్పి తీరే మారిపోయింది. పిండడం పోయి, కిందికి తోసే ఒత్తిడి వచ్చింది, విరేచనానికి వెళ్ళాలన్నంత గట్టిగా. ఆపుకోవడం నా చేతుల్లో లేదు.

కాన్పయ్యాక కుట్లు మానేదాకా దీని జోలికి పోలేదు. మలి కాన్పు తర్వాత పాలు పట్టినప్పుడల్లా గర్భసంచి ముడుచుకుంటూ మళ్ళీ నొప్పి పెట్టింది. తొలిసారి ఇంత లేదు. దానికి బంతి ఏమీ చేయలేదు, వేడినీళ్ళ సంచి పనిచేసింది.

అయిదుకు నాలుగు నక్షత్రాలు. ఒకటి తగ్గించింది గాలి కోసం. మొదట్లో నెలకోసారి కొట్టేవాళ్ళం, ఇప్పుడు పది రోజులకే మెత్తబడుతోంది. పెద్దది దాని మీద కూర్చునే బొమ్మలు చూస్తుంది. గాలి బిరడా మాత్రం భద్రంగా దాచుకోండి. మాది ఒకసారి చిన్నదాని నోట్లో దొరికింది.