తలుపుకు పెట్టే డబ్బు: తిరుపతి నుంచి ఫస్ట్ ఏసీలో రాత్రి ప్రయాణం

తిరుపతి నుంచి హైదరాబాదుకు రాత్రి బండ్లకు కరువు లేదు. నారాయణాద్రి గూడూరు, నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, నల్లగొండ మీదుగా పోతుంది. పద్మావతి వరంగల్లు చుట్టు తిరుగుతుంది. చిత్తూరులో బయలుదేరే వెంకటాద్రి పాకాల మీదుగా తిరుపతికి వచ్చి కడప, కర్నూలు దారి పడుతుంది. పని మీద ఏళ్ళ తరబడి ఈ దారుల్లో తిరుగుతున్నాను. ఫస్ట్ ఏసీ ఉన్న బండి దొరికితే అందులోనే ఎక్కుతాను. "అంత డబ్బు పోసేదానికి అందులో ఏముందప్పా?" అని అడగని చుట్టం లేడు.

అడగాల్సిన మాటే. సెకండ్ ఏసీ టికెట్టుకు ఒకటిన్నర రెట్ల పైమాటే అవుతుంది. చల్లగాలి రెండిట్లోనూ ఒకటే, దుప్పటి ఒకటే, బండి ఊరు చేరే టైమూ ఒకటే. తేడా అంతా తలుపు దగ్గర ఉంది. సెకండ్ ఏసీలో పరదా ఉంటుంది, ఫస్ట్ ఏసీలో లోపల గడియ వేసుకునే తలుపు ఉంటుంది. ఆ తలుపుకే నేను డబ్బు కడుతున్నాను. పరుపు రెండంగుళాలు వెడల్పుగా ఉందా లేదా, అద్దం ఎక్కడుంది అనేవి నాకు పెద్ద లెక్కలోకి రావు.

తలుపుంటే ఏమవుతుందంటే, నిద్ర పడుతుంది. పరదా వెనక పడుకున్నవాడికి ఒంగోలులో ఎక్కినాయన బెర్తు వెతుక్కునే సెల్లు లైటు మొహాన పడుతుంది, ఆయన ఇంటికి ఫోను చేసి "ఆఁ, ఎక్కినా, పడుకోండి" అనేది కూడా వినపడుతుంది. తలుపు వెనక అవేవీ రావు. అయితే ఆ తలుపుకూ ఒక జబ్బుంది. అది పక్కకు జరిగే రకం. పాతబడిన బోగీ అయితే గూడూరు దాటి బండి వేగం అందుకోగానే గాడిలో టకటకమని కొట్టుకుంటుంది. దానికి మందు పాత పేపరు. నాలుగు మడతలు పెట్టి తలుపుకూ చట్రానికీ మధ్య దోపితే నోరు మూసుకుంటుంది. నా సంచిలో పేపరు ఎప్పుడూ ఉంటుంది, చదివేదానికి కాదు.

ఇంకో సంగతి ఎల్‌హెచ్‌బీ బోగీలది. జర్మనీ డిజైను, ఇప్పుడు మన కపుర్తలాలో, ఇంకా వేరే ఫ్యాక్టరీల్లో చేస్తున్నారు. ప్రమాదం జరిగినప్పుడు ఒక బోగీ ఇంకో బోగీ మీదికి ఎక్కకుండా తట్టుకునే బోగీలవి, ఆ విషయంలో పేరు పెట్టేదానికి లేదు. కానీ బోగీకీ బోగీకీ మధ్య ఉండే కప్లింగ్ రకం వల్ల బండి కదిలేటప్పుడు ఒక కుదుపు వస్తుంది చూడండి, రేణిగుంటలో టేబుల్ మీద మజ్జిగ గ్లాసు పెట్టినారంటే అది మీ పంచె మీదికే. భోజనం ముగించేది రేణిగుంటకు ముందో, బాగా దాటినాకో పెట్టుకోండి. భోజనం అంటే ఇంట్లో కట్టించుకున్నదే. చపాతీలు, ఊరిబిండి, పెరుగన్నం. ఫస్ట్ ఏసీ కదా అని వేడివేడిగా ఎవరో తెచ్చి పెడతారనుకుంటే, అది రాజధాని లాంటి బండ్ల మర్యాద. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు డబ్బులో భోజనం ఉండదు.

ఈ తలుపు, పరదా తగాదా ఇప్పటిది కాదు. రాత్రి రైలును సుఖంగా చేసి అమ్మిన తొలి పెద్ద వ్యాపారి అమెరికాలో జార్జ్ పుల్‌మన్. 1867లో కంపెనీ పెట్టినాడు. ఆయన బోగీల్లో చెక్కడాలు, ముఖమల్ గుడ్డలు, అన్నీ దర్జానే. రాత్రయితే సీట్లు బెర్తులయ్యేవి, నడిమి దారికి అటూ ఇటూ పరదాలు దించేవారు. మన సెకండ్ ఏసీకి పూర్వీకుడు అదే. సరిగ్గా ఆ రోజుల్లో బెల్జియం నుంచి ఒక బ్యాంకరు కొడుకు అమెరికా వచ్చినాడు, పేరు జార్జ్ నాగెల్మాకర్స్. వరసకు బంధువైన పెద్ద వయసు ఆమెను ప్రేమించి, అది కుదరక, ఇంట్లోవాళ్ళు దేశం దాటించిన కుర్రాడు. పుల్‌మన్ బోగీలు చూసి ముచ్చటపడినాడు గానీ, పదిమంది మధ్య పరదా చాటున పడుకోవడం యూరపు వాళ్ళకు నచ్చదని లెక్కేసినాడు. తిరిగిపోయి 1870లలో వాగన్ లీ అనే కంపెనీ పెట్టి, ఒక్కో కూపేకు, అంటే చిన్న గదికి, తలుపు బిగించినాడు. 1883 అక్టోబర్ 4న పారిస్‌లో కదిలిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఆయనదే. మొదట్లో అది కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) దాకా నేరుగా పోయేది కాదు. రుమేనియాలో దిగి, పడవ మీద డాన్యూబ్ దాటి, ఇంకో రైలెక్కి, చివరికి వార్నా రేవులో ఓడ పట్టాలి. దిగకుండా పోయే బండి 1889లో గానీ రాలేదు. మన హెచ్1 బోగీలో, అంటే ఫస్ట్ ఏసీ బోగీలో, పొడుగునా ఒక పక్క నడవా, ఇంకో పక్క తలుపులు వేసిన గదులు ఉంటాయే, ఆ వరస నాగెల్మాకర్స్ ఇంటిదే.

ఆ కంపెనీ 1920, 30లలో నడిపిన బోగీలను వెతికి కొని, బాగుచేసి, 1982లో వెనిస్ సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అని మళ్ళీ పట్టాలెక్కించినారు. ఇప్పటికీ తిరుగుతోంది, టికెట్టు వేల యూరోలు. అందులోని పాత తరహా క్యాబిన్లలో చేతులు కడుక్కునే బేసిన్ ఉంటుంది గానీ స్నానం ఉండదు. లెట్రిన్‌కు బోగీ చివరికి నడవాల్సిందే. ఈ ముక్క చదివినప్పుడు నాకు భలే తృప్తి. అర్ధరాత్రి చెప్పులు వెతుక్కుని నడవాలో నడిచే విషయంలో ఆ కోటీశ్వరుడూ నేనూ సమానమే.

మన దగ్గర చల్లగాలి కథ ఇంకోటి. 1934లో ఫ్రాంటియర్ మెయిల్ అనే బండికి తగిలించిన ఏసీ బోగీలో మిషను లేదు, అడుగున పెట్టెల్లో ఐసు దిమ్మలు. దారిలో స్టేషన్లలో కరిగిన నీళ్ళు వదిలేసి కొత్త ఐసు నింపేవారు. మన వైపు రైలు అంతకన్నా చాలా ముందే వచ్చింది, మద్రాసు రైల్వే పట్టాలు 1862కే రేణిగుంటకు చేరినాయి. కానీ కొండకొచ్చే భక్తుల్లో ఎక్కువమందికి ఆ రైలంటే చెక్కబల్లే. మూడో తరగతి 1974లో పోయింది. సెకండ్ క్లాసు స్లీపర్ చెక్క బెర్తుల మీద రెండంగుళాల ఫోమ్ వేయించినది 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండావతే. నన్నడిగితే ఈ దేశంలో రైలు సుఖం చరిత్ర రాసేవాళ్ళు మహారాజుల సొంత సెలూన్ బోగీల కన్నా ముందు ఆ ఫోమ్ గురించి రాయాలి.

మళ్ళీ మా హెచ్1కి వస్తాను. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపేలు, నలుగురి క్యాబిన్లు ఉంటాయి. పూర్తి ఎల్‌హెచ్‌బీ ఫస్ట్ ఏసీ బోగీలో బెర్తులు 24. టికెట్టు కొన్నప్పుడు కన్ఫర్మ్ అని వస్తుంది తప్ప ఏ గదో చెప్పరు. చార్టు వేసినప్పుడే తెలుస్తుంది. ఇది నాకు బొత్తిగా గిట్టని ఏర్పాటు. అందరికన్నా ఎక్కువ డబ్బు కట్టినవాడికే తన చోటేదో తెలియదు! మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకుపోయేటప్పుడు కింది బెర్తు వస్తుందో రాదో అని చార్టు పడేదాకా ఫోను చూసుకుంటూ కూర్చోవాలి. కొత్తగా పెళ్ళయి కొండకు వచ్చిపోయే జంటలది ఇంకో అవస్థ. ఒకరు ఒక క్యాబిన్‌లో, ఒకరు ఇంకో దాంట్లో పడతారు. తిరుపతి ప్లాట్‌ఫారం మీద టీటీఈ చుట్టూ మూగేది వీళ్ళే. "అన్నా, మీరు ఒక్కరే కదా, ఆ క్యాబిన్‌లోకి మారతారా?" అని నన్ను అడిగిన పెళ్ళికొడుకులు చాలామంది. మారతాను. కానీ పైబెర్తు ఇస్తే మారను.

నలుగురి క్యాబిన్‌లో ఇంకో విశేషం, లడ్డూ వాసన. నలుగురూ కొండ దిగి వచ్చినవాళ్ళే అయితే, తలుపు మూసిన అర్ధగంటకు నెయ్యి, ఏలక్కాయ, పచ్చకర్పూరం కలిసి గదంతా పట్టేస్తాయి. మొదట బాగుంటుంది. నెల్లూరు వచ్చేసరికి ఎవరో ఒకరు తలుపు కొంచెం తీసి పెడతారు. నేనైతే సంచి మూతి గట్టిగా కట్టి సీటు కిందికి తోసేయమని చెప్తాను.

దుప్పట్ల గురించి ఎక్కువ చెప్పను. తెల్ల షీట్లు ఉతికి కాగితం కవర్లో ఇస్తారు. పైన కప్పుకునే ఉన్ని దుప్పటి మటుకు మొహం దాకా లాక్కోవాలంటే మనసొప్పదు. ఇంటి నుంచి శాలువా తెచ్చుకోండి. రాత్రి చలి ఎక్కువైతే బెడ్‌రోల్ అబ్బాయికి చెప్తే తగ్గిస్తాడు.

ఆ అబ్బాయి గురించి చెప్పాలి. నా లెక్కలో ఫస్ట్ ఏసీ మర్యాద అంటే సగం అతనే. షీట్లు పరిచేది, తెల్లారుజామున దిగేవాళ్ళను లేపేది, బిగుసుకుపోయిన గడియను భుజంతో తోసి తీసేది అతనే. అతని నిద్ర మటుకు నడవా చివర, షీట్ల మూటల పక్కన. పుల్‌మన్ బోగీల్లోనూ దర్జా అంతా పోర్టర్ల, అంటే బోగీలో ప్రయాణికులకు పనులు చేసిపెట్టేవాళ్ళ, చేతుల మీదే నడిచింది. బానిసత్వం నుంచి కొత్తగా బయటపడిన నల్లవాళ్ళను ఏరి పనిలో పెట్టుకున్నాడు పుల్‌మన్. ప్రయాణికులు వాళ్ళ పేరు అడిగేవారు కాదు, యజమాని పేరుతో అందరినీ "జార్జ్" అని పిలిచేవారు. పూర్తి జీతం రావాలంటే నెలకు 400 గంటలు పనిచేయాలి, లేదంటే 11,000 మైళ్ళు తిరగాలి. ఇంకో విచిత్రం, 1897లో పుల్‌మన్ పోయాక ఆ కంపెనీకి పెద్ద అయినవాడు బానిసలను విడిపించిన అబ్రహాం లింకన్ కొడుకు రాబర్ట్. పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుని, 1937లో కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించినారు. పన్నెండేళ్ళు పట్టింది. దిగేటప్పుడు మా హెచ్1లో చాలామంది అబ్బాయి చేతిలో ఏదో పెడతారు, నేనూ పెడతాను. ముందుగా అతని పేరు అడుగుతాను.

ఇక ఎవరికి పనికొస్తుంది? పొద్దున దిగి నేరుగా పనిలోకి పోవాల్సినవాళ్ళకు, పెద్దవాళ్ళతో పోయేవాళ్ళకు, చంటిబిడ్డతో ఉన్న తల్లికి. కుక్కను వెంట తీసుకుపోవాలంటే కూపే మొత్తం మీదే అయ్యుండాలి, అదొక రూలు. నలుగురు కుర్రాళ్ళు కలిసి పోతూ ఉంటే థర్డ్ ఏసీలో పోండి, ఆ మిగిలిన డబ్బుతో కొండ మీద ఇంకో రోజు ఉండొచ్చు.

వందే భారత్ స్లీపర్ ఫస్ట్ ఏసీలో వేడినీళ్ళ స్నానం కూడా ఉందని మా వీధిలో అందరూ చెప్పుకుంటున్నారు. మా దారికి వస్తే సంతోషమే. నాకు మాత్రం స్నానం ఇంటికి పోయి చేసుకున్నా ఫర్వాలేదు, టికెట్టు కొన్న రోజే క్యాబిన్ నంబరు, బెర్తు నంబరు చెప్పేస్తే చాలు.