కయాక్ బండి: ఫ్రేము ఇంట్లో, చక్రాలు అంగట్లో

చేపల వేటకు వాడే కయాక్ (ఒకరిద్దరు కూర్చునే సన్నని చిన్న పడవ) నీటి మీద ఎంత తేలికో, ఒడ్డు మీద అంత మొండిది. పైన కూర్చునే రకాలు ఖాళీగానే 30 నుంచి 45 కిలోలు ఉంటాయి. పెడల్ అమర్చిన పెద్దవైతే, ఉదాహరణకు హోబీ ప్రో యాంగ్లర్ 14, అన్నీ బిగించాక 60 కిలోలు దాటుతాయి. ఆ పైన బ్యాటరీ, లంగరు, గాలపు కర్రలు, సామాను డబ్బా. ఇంత బరువును నీటి దాకా లాగాల్సిన రెండు చక్రాల బండిని చాలామంది చివరి నిమిషంలో, ఏది చవకైతే అది కొనేస్తారు. నేను దుకాణపు బండి వాడాను, తరువాత సొంతంగా ఒకటి కట్టుకున్నాను. రెండింటి గురించీ రాస్తున్నాను.

దుకాణంలో కొన్నది స్కప్పర్ బండి. కయాక్ మీద పడిన నీరు కిందికి పోవడానికి అడుగు దాకా ఉండే రంధ్రాలలో (వాటినే స్కప్పర్లు అంటారు) దీని రెండు నిలువు కమ్మీలు దూరుస్తారు. పట్టీలు బిగించే పని లేదు, అర నిమిషంలో బయలుదేరవచ్చు. సిమెంటు దారి మీద, ఖాళీ కయాక్‌తో దీనిని మించినది లేదు. సామానుతో రాళ్ల మీద నడిపితే మాత్రం నాకు మనసొప్పదు. చక్రం రాయికి తగిలిన ప్రతిసారీ ఆ కమ్మీ రంధ్రం గోడను పక్కకు నెడుతుంది. అక్కడ పగులు వస్తే నీరు నేరుగా కయాక్ పొట్టలోకి చేరుతుంది, వేట మధ్యలో గానీ తెలియదు. ఈ రకమే కావాలనుకునేవారు ఒకటి చూసుకోవాలి: కయాక్ అడుగు బండి అడ్డకమ్మీ మీద ఆనాలి, బరువంతా రంధ్రాల మీద వేలాడకూడదు. నా కయాక్ రంధ్రాల మధ్య దూరానికి ఆ బండి కమ్మీలు అరకొరగానే కుదిరాయి. అమ్మినవారు మాత్రం ‘అన్నిటికీ సరిపోతుంది’ అనే రాసుకున్నారు.

అసలు విషయం చక్రాలు. సన్నని గట్టి టైరు చదునైన నేల మీద హాయిగా దొర్లుతుంది, పొడి ఇసుకలో నాగలిలా దిగబడుతుంది. లెక్క వేసి చూడండి. కయాక్, సామాను కలిపి 60 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రానికి 30. టైరులో గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) ఉంటే అది నేలను తాకే మేర సుమారు 14 చదరపు సెంటీమీటర్లు. అదే మెత్తటి బెలూన్ చక్రంలో 3 పీఎస్ఐ ఉంటే దాదాపు 140. బరువు పది రెట్ల మేర పరుచుకుంటుంది కనుక ఇసుక కుంగదు. వీలీజ్ కంపెనీవి వంటి బెలూన్ చక్రాలకు అంత ధర పెట్టడం మొదట నాకూ దండగే అనిపించింది. పొడి ఇసుకలో ఒంటి చేత్తో లాగాక ఆ మాట అనడం మానేశాను. వాటికీ లోపాలున్నాయి. గరుకు తారు మీద రోజూ తిప్పితే అరిగిపోతాయి, ముళ్లు గుచ్చుకుంటే పంక్చర్ అవుతాయి. దారంతా తారే అయితే, లోపల ఫోమ్ నింపిన టైర్లు మేలు. పంక్చర్ బాధ లేదు.

అందుకే చక్రాలు మాత్రం కొని, మిగతాది ఒకటిన్నర అంగుళం వ్యాసం ఉన్న పీవీసీ పైపుతో కట్టాను. పైపునే ఇరుసుగా వాడే పథకాలు కనిపిస్తాయి. నమ్మకండి, బరువుకు వంగుతుంది. పైపు లోపలి నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దూర్చాను. చక్రాలలో బాల్ బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లు (ఇరుసు దూరే నున్నటి గొట్టపు ముక్కలు) ఉన్నవే ఎంచుకున్నాను, ఉప్పునీటికి తుప్పు పట్టవు. ఇసుక మాత్రం వాటిలోనూ చేరుతుంది, ప్రతి వేట తరువాత మంచినీటితో కడగాల్సిందే. జిగురు పూయకముందు ముక్కలన్నీ ఊరికే జత చేసి, కయాక్‌ను పైన పెట్టి చూడాలి. అడుగున నిలువు గాడులూ గట్లూ ఉంటాయి కదా, ఊతకమ్మీలు వాటికి తగ్గట్టు జరగాలి. జిగురు ఆరాక జరగవు. పైపు అడుగున అక్కడక్కడ చిన్న రంధ్రాలు వేయండి, లేకపోతే లోపల చేరిన నీటిని కూడా మీరే మోస్తారు. కమ్మీలకు ఫోమ్ తొడుగు తప్పనిసరి. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది కనుక రంగు పూశాను. రంగు నాసిగా వచ్చింది, చేపలకు పట్టింపు లేదు.

కట్టడం కన్నా కయాక్‌ను బండి మీద సర్దడంలోనే ఎక్కువ మంది తడబడతారు. మధ్యభాగానికి కాస్త వెనుకగా బండిని ఉంచి, ముందు పిడిని ఎత్తి చూడండి. చేతికి కొద్దిపాటి బరువే తెలియాలి. ఎక్కువ తగిలితే బండిని ముందుకు జరపండి. ముక్కు తనంతట తానే పైకి లేస్తే వెనక్కి. బ్యాటరీ, లంగరు ఇరుసుకు దగ్గరగా పెడితే సగం పని అయినట్టే. రెండు పట్టీలు చుట్టూ వేయండి, మూడోది బండి నుంచి సీటు దగ్గరి కొక్కేనికి. రాయి తగిలినప్పుడు బండి వెనక్కి జారిపోకుండా ఆపేది ఆ మూడోదే. మీటతో బిగించే రాచెట్ పట్టీ వద్దు. ఎండకు మెత్తబడిన పాలిథిలిన్ (కయాక్ ప్లాస్టిక్) అడుగును అది సొట్ట పెడుతుంది. చేత్తో లాగి బిగించే బకిల్ చాలు.

నా బండి మడత పడదు. ఒడ్డున వదలలేని చోట చక్రాలు ఊడదీసి, ఫ్రేమును వెనుక సామాను గుంటలో కట్టి తీసుకెళ్తాను. స్థలం తింటుంది, గాలం విసిరేటప్పుడు మోచేతికి అడ్డం కూడా. ఈ ఒక్క విషయంలో దుకాణపు బండికే నా ఓటు. నీటి దాకా సిమెంటు దారి ఉన్నవారికి అది చాలు, కట్టుకునే శ్రమ అక్కర్లేదు. ఇసుకో, గులకరాళ్లో, బురదో దాటాల్సినవారు మంచి చక్రాలు కొని మిగతాది కట్టుకోండి. ఏది ఎంచుకున్నా, ఇరుసు చివర చక్రాన్ని ఆపే పిన్నులు రెండు అదనంగా సంచిలో పడేయండి. ఇసుకలో పడిన పిన్ను దొరకదు.