తక్కువ బడ్జెట్‌లో బేస్ గిటార్: యమహానా, ఐబనెజా, స్క్వయరా?

కొత్తగా బ్యాండ్ కట్టుకునే కుర్రాళ్లూ, చర్చి క్వాయర్‌లో బేస్ పట్టబోయేవాళ్లూ పదేపదే అడిగేది ఇదే. బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు చివరికి మూడు పేర్ల దగ్గర ఆగుతారు: యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనెజ్ జీఎస్ఆర్ 180, స్క్వయర్ సోనిక్ ప్రెసిషన్. మూడూ నాలుగు తీగలవే, మూడింటిదీ 34 అంగుళాల స్కేలే (మోగే తీగ పొడవు), మూడూ బ్యాటరీ అక్కర్లేని పాసివ్ రకమే. ధరల్లోనూ పెద్ద తేడా ఉండదు, ఆఫర్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయంతే.

యమహాకు 24 ఫ్రెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు), ఐబనెజ్‌కు 22, స్క్వయర్‌కు 20. దీన్ని చూసి నిర్ణయించుకోవద్దు. పాటకు బేస్ వాయించేటప్పుడు చేయి 12వ ఫ్రెట్ దాటేదే తక్కువ. తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లలో మాత్రం అసలైన తేడా ఉంది. యమహా, ఐబనెజ్‌లకు పి (ప్రెసిషన్), జె (జాజ్) పికప్‌లు రెండూ ఉంటాయి. స్క్వయర్‌కు పి ఒక్కటే, నాబ్‌లు కూడా రెండే: వాల్యూమ్, టోన్. పి పికప్ రెండు ముక్కలుగా ఉండి హమ్‌ను (కరెంటు గుంయ్ శబ్దాన్ని) దానంతటదే కొట్టేసుకుంటుంది. జె ఒక్కదాన్నే తెరిస్తే సన్నగా హమ్ వినిపిస్తుంది, ప్లగ్‌లో ఎర్త్ సరిగా లేని హాల్లో అది ఇంకా పెరుగుతుంది. అయినా జె కలిస్తే శబ్దానికి వచ్చే పదును వేరు. డ్రమ్స్, కీబోర్డ్ మధ్య బేస్ మునిగిపోకుండా పైకి వినపడుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి మెడ. పికప్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, నాబ్ కింద గరగరలాడే పాట్‌కు కాంటాక్ట్ క్లీనర్ కొట్టొచ్చు, వదులైన జాక్ నట్‌ను బిగించొచ్చు. నెక్ మెలితిరిగినా, లోపల దాని వంపును సర్దే ట్రస్ రాడ్ పనిచేయకపోయినా ఈ ధర బేస్‌కు బాగుచేయించే ఖర్చు గిట్టదు. అందుకే షాపులో యాంప్‌కు తగిలించకముందే ఇవి చూడండి.

ముందు ట్యూన్ చేయించండి, తీగల లాగుడు లేకుండా చూస్తే నెక్ సంగతి తేలదు. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలుండే కొస) వైపు నుంచి బాడీ వైపు ఒక కన్ను మూసి చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా సాగాలి. ఒక అంచు లేచి, రెండోది దిగితే నెక్ మెలితిరిగినట్టే, అది వద్దు. తర్వాత అన్నిటికన్నా లావైన ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కిపట్టి, 7వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు పావు తిప్పు బిగించమనండి, మళ్లీ ట్యూన్ చేసి చూడండి. రాడ్ అప్పటికే చివరిదాకా బిగిసి ఉంటే ఆ పీస్ పక్కన పెట్టేయండి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఇ వైపు 2.5, సన్నటి జి తీగ వైపు 2 మిల్లీమీటర్లకు దించగలిగితే వేళ్లు నొప్పెట్టవు.

ఆ తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ వాయించండి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే బజ్ కొడితే (తీగ ఫ్రెట్‌కు తగిలి గరగరమంటే) నెక్ మరీ నిటారుగా ఉన్నట్టు, రాడ్ కాస్త వదులు చేస్తే పోతుంది. ఒక్క ఫ్రెట్ దగ్గరే కొడితే దాని పక్క ఫ్రెట్ లేచి ఉంటుంది. అది సెటప్‌తో, అంటే రాడ్, తీగల ఎత్తు సర్దడంతో పోదు. నెక్ అంచు వెంబడి అరచేయి జరిపి కూడా చూడండి. తెలంగాణ ఎండలకు ఫింగర్‌బోర్డ్ కలప ఆరి కుంచించుకుపోతే ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. విశాఖ, కాకినాడ వైపు తేమకు నెక్ వంపు కాలాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా రాడ్ సర్దుకోవాల్సి వస్తుంది.

ఈ లెక్కన నా ఓటు యమహాకే. ఫ్రెట్ల పని, కొసల నునుపు ఒక పీస్‌కూ ఇంకో పీస్‌కూ పెద్దగా మారవు. చేతిలో పట్టి చూసే వీల్లేక ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారికి ఇది పెద్ద ధైర్యం. ఐబనెజ్ బాడీ చిన్నది, సన్నటి చేతులున్నవారికి హాయిగా ఉంటుంది. షాపులో పైన చెప్పిన పరీక్షకు నిలిస్తే నిశ్చింతగా తీసుకోండి. ప్రెసిషన్ శబ్దమే కావాలని మనసులో పడ్డవారికి స్క్వయర్ సరే, కానీ ఫ్రెట్ల కొసలు తప్పక తడిమి చూడండి.

మిగతావి క్లుప్తంగా. పదేళ్ల పిల్లలకు ఐబనెజ్ మైక్రో మేలు: స్కేల్ 28.6 అంగుళాలు, తీగల వెంబడి మొదటి ఫ్రెట్ గడి పొడవు 34 అంగుళాల బేస్‌లో 48 మిల్లీమీటర్లుంటే ఇందులో 41 మాత్రమే. ఈ బడ్జెట్‌లో ఐదు తీగలది వద్దు, చవక బేస్‌లో ఐదోదిగా వచ్చే లావు బి తీగ వదులుగా కొట్టుకుంటుంది. పేరులేని చవక రకాల్లో ట్యూనింగ్ కీలు జారుతుంటాయి. సెకండ్ హ్యాండ్‌కు అభ్యంతరం లేదు, నెక్ పరీక్ష మాత్రం రెట్టింపు శ్రద్ధగా చేయాలి.

డబ్బంతా గిటార్ మీదే పెట్టేయకండి. 45-105 మందం తీగల సెట్ ఒకటి, ఒక సెటప్, మంచి కేబుల్‌కు కొంత పక్కన ఉంచండి. ఇ తీగ ఖాళీగా మోగితే 41 హెర్ట్జ్. గిటార్‌కు వాడే చిన్న ప్రాక్టీస్ యాంప్ దాన్ని పలికించలేదు, సౌండ్ పెంచితే స్పీకర్ చిరుగుతుంది. ఇంట్లో సాధనకు బేస్ హెడ్‌ఫోన్ యాంప్ చాలు. చర్చిలోనో స్టేజీ మీదో నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే ఈ పాసివ్ బేస్‌లు నీరసంగా, పదును పోయి వినపడతాయి. మధ్యలో డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టాలి, లేదా మిక్సర్‌లో గిటార్ నేరుగా తగిలించేందుకు హై-జెడ్ అని రాసి ఉన్న ఇన్‌పుట్ వాడాలి.